చప్పట్లు పడని ఆట

ఆ రాజ్యంలో ఏటా ఆటల సంత జరిగేది. కొత్త ఆటలు తయారుచేసినవాళ్లు వాటిని కొలువు ముందు ప్రదర్శించాలి. ఎవరికి చప్పట్లు ఎక్కువ పడితే వాళ్లదే గెలుపు. అసలు పడనివాళ్లు ఏడాదిపాటు రాజ్యంలో సరుకు అమ్మకూడదు. ఈ నియమం పెట్టినవాడు వినోదాధికారి మార్తాండయ్య.

ఆ ఏడు పెద్ద వర్తకులు పట్టుగుడ్డ కప్పిన పెట్టెను ఏనుగు మీద ఊరేగించారు. బాణసంచా కాల్చారు. "లోపలున్న ఆట వచ్చే ఏడు వస్తుంది!" అని ప్రకటించారు. చప్పట్లతో పందిరి అదిరిపోయింది.

తరవాత వడ్రంగం చేసే నూకాలు వచ్చింది. ఆమె ప్రసంగమేమీ చెయ్యలేదు. కొయ్యకప్పలు గెంతించే పలకలు జనానికి పంచి, ఒకటి రాజుగారికీ మార్తాండయ్యకీ మధ్య పెట్టి, ఆడే తీరు చెప్పి పక్కన నిలబడింది. పందిరంతా నిశ్శబ్దమైపోయింది.

చాలాసేపటికి మార్తాండయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మూటాముల్లె సర్దుకో!"

నూకాలుకి ఒళ్లు మండింది. "చప్పట్లు కొట్టాలంటే చేతులు ఖాళీగా ఉండాలి కదండీ! ఆ పెట్టెని చూస్తున్నంతసేపూ అందరి చేతులూ ఖాళీయే. ఇప్పుడు ఖాళీ చెయ్యి ఒక్కటి చూపించండి, పోతాను. ముందు మీ గుప్పిట్లో ఉన్న నా కప్పని ఇచ్చెయ్యండి" అని చెయ్యి చాపింది.

రాజుగారు పలక మీంచి తల ఎత్తలేదు. "ఇచ్చావంటే ఆట ఓడినట్టే, మార్తాండయ్యా!"

మార్తాండయ్య ఆమె చేతికేసి చూశాడు, పలకకేసి చూశాడు. కప్పని పలక మీదే పెట్టి, "మీ వంతు, మహారాజా" అన్నాడు.