బెక్కయ్య మాస్టారు నేర్చుకున్న ప్రశ్న

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక రాతి మడుగు. ఆ మడుగులో ఏముందో చెప్పుకోండి చూద్దాం! చేపలా? కాదు. మొసలా? అబ్బే! ఒక కాలేజీ ఉంది. నిజమర్రా, మీమీద ఒట్టు!

అందులో చదివేవాళ్ళంతా తోకకప్పలు. అంటే ఇంకా కప్పలు కాని కప్పపిల్లలన్నమాట. బురదలో పుట్టినవాళ్ళు కొందరు, వరదలో కొట్టుకొచ్చినవాళ్ళు కొందరు. చెట్టుకప్పల పిల్లలైతే కొమ్మమీది నురగగూట్లో పుట్టి, టపుక్కున నేరుగా కాలేజీలోకే జారిపడేవాళ్ళు!

కాలేజీకి పెద్ద బెక్కయ్య మాస్టారు. గోదురుకప్ప. గొంతు విప్పారంటే అడవి దద్దరిల్లాల్సిందే. పిల్లలంటే ఆయనకు ప్రాణం. కానీ ఆయనకు తెలిసిన పాఠం ఒక్కటే: "దూకు!" బలమున్నవాడికీ అదే, భయమున్నవాడికీ అదే.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగు ఇంకిపోతోంది. అది పూర్తిగా ఎండేలోగా పిల్లలంతా గట్టెక్కి, అవతలున్న వాగు చేరుకోవాలి. చేరకపోతే? అమ్మో, ఆ మాట తలుచుకుంటేనే మాస్టారి గుండె జారిపోయేది.

"రేపు పొద్దున్నే అందరూ గట్టుమీదికి దూకాల్సిందే!" అని చాటించారు.

కాలేజీలో కొత్తగా చేరిన ఎండ్రమ్మ టీచరు గబగబా అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది. ఎండ్రకాయ కదా, అలాగే నడుస్తుంది మరి! పిల్లలు ఎలా ఎదుగుతారో అదే పనిగా చదువుకుని వచ్చిన మనిషి, కాదు కాదు, ఎండ్రకాయ.

"బెక్కయ్యగారూ, కాస్త ఆగండి. వీళ్ళంతా ఒకే మెట్టుమీద లేరు. ఎదుగుదలకు ఒక వరస ఉంది. మొదట వెనక కాళ్ళొస్తాయి, తర్వాత ముందుకాళ్ళు. ఆఖరున తోక పోతుంది. ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో చూసి సాయం చేద్దాం" అంది.

"శాస్త్రం వినడానికి బాగానే ఉందమ్మా! కొంప మునుగుతుంటే వరసలు చూస్తూ కూర్చుంటామా? నన్ను మా గురువుగారు ఒక్క తోపు తోశారు, గట్టెక్కాను. వీళ్ళూ అంతే!" అన్నారు మాస్టారు.

తెల్లారింది. మాస్టారు ముందుగా బొండును పిలిచారు. బొండు అందరికంటే బండగా ఉంటాడు.

"ఒరేయ్ బొండూ, ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్నావు. నువ్వే ముందు దూకు!"

బొండుకి ఒక్క కాలూ రాలేదు. అయినా మాస్టారి మాటంటే వాడికి వేదం. తోక జాడించి ఎగిరాడు. గట్టుమీద ధబ్బున పడ్డాడు. ఊపిరి అందలేదు! నీళ్ళలో పీల్చడమే తప్ప గాలి పీల్చడం వాడికింకా రాదు.

"మా...స్టా...రూ..." అన్నాడు.

మాస్టారు కొయ్యబారిపోయారు. ఎండ్రమ్మే పరుగున వచ్చి, వాణ్ణి మెత్తగా పట్టుకుని నీళ్ళలో వదిలింది. హమ్మయ్య, బతికాడు!

ఆ పక్కనే చెట్టుకప్ప పిల్ల చింకి ఉంది. దానికి వెనక కాళ్ళు రెండే వచ్చాయి. ఎక్కబోయి జారింది. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ జారింది. తోటివాళ్ళు పకపకా నవ్వారు. "నాకు చదువూ వద్దు, గట్టూ వద్దు!" అని రాయికింద దూరింది.

తర్వాత వంతు తుంగడిది. నాలుగు కాళ్ళూ వచ్చినా ఓ మూల నక్కి కూర్చున్నాడు. "తిండి మానేసి ఈ మొండితనమేమిట్రా? దూకడానికేం రోగం?" అని మాస్టారు కసిరారు. తుంగడు బావురుమన్నాడు. "నోరంతా నొప్పి మాస్టారూ! నాకేదో అవుతోంది. ఏమవుతోందో నాకే తెలీదు!"

మాస్టారు అక్కడే చతికిలబడ్డారు. పక్కనే బొండు ఇంకా ఎగశ్వాస తీస్తున్నాడు.

"ఎండ్రమ్మగారూ, నాకు దూకమనడమే వచ్చు. ఇప్పుడు మీరు చెప్పండి. నేను వింటాను" అన్నారు.

"నేను పాత పెంకు వదిలినప్పుడు రాయికింద దాక్కుంటాను. అది బద్ధకమా? తుంగడి సంగతీ అంతే. పురుగుల్ని మింగే కొత్త నోరు వస్తోంది వాడికి. అందాకా తోకలో దాచుకున్న బలంతో బతుకుతాడు. వాడికి కావలసింది నీడ. చింకికి తోపు కాదు, మెట్టు కావాలి. బొండుకి ఇంకా నీళ్ళు కావాలి" అంది ఎండ్రమ్మ.

ఇక చూసుకోండి సందడి! ఎండ్రమ్మ మడుగు అడుగున గొయ్యి తవ్వింది, బొండు కోసం నీళ్ళూరాయి. మాస్టారు తుంగడి మీదికి వెడల్పాటి ఆకు లాగారు. ఓ ఎండుకొమ్మను సగం నీళ్ళలో, సగం గట్టుమీద వాల్చారు. మాస్టారికి శాస్త్రం తెగ నచ్చేసింది! ఎవరు కనబడినా కాళ్ళు లెక్కపెట్టడమే.

చింకి రాయికింది నుంచి వచ్చి కొమ్మ ఎక్కబోతుంటే, "ఆగాగు! నీకు రెండే కాళ్ళు. శాస్త్రం ప్రకారం నీ వంతు రాలేదు!" అన్నారు.

చింకికి ఒళ్ళు మండింది. "అప్పుడేమో దూకమని తొందరపెట్టారు. ఇప్పుడేమో ఆగమంటున్నారు. ఒక్కసారైనా నన్నడిగారా మాస్టారూ? పొద్దుటినుంచీ నా చంకలో ఒకటే దురద!"

మాస్టారు నాలిక కరుచుకున్నారు. ఎండ్రమ్మ నవ్వింది. "శాస్త్రం దారి చెబుతుంది మాస్టారూ. ఆ దారిలో పిల్ల ఎక్కడుందో పిల్లే చెప్పాలి."

అంతలో ఫట్! ముందుకాలు ఒకటి బయటికొచ్చింది. ఫట్! రెండోది కూడా! "ఎక్కేస్తున్నానోచ్!" అని అరుస్తూ చింకి కొమ్మ చివరిదాకా పాకేసింది.

కొన్నాళ్ళకు తుంగడు ఆకుకింది నుంచి బయటికొచ్చి, ఓ దోమను గుటుక్కున మింగి, ఒక్క గంతులో గట్టెక్కాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వాగు చేరారు. మడుగు ఎండిపోయింది. గోతిలో బొండు ఒక్కడే మిగిలాడు.

"మీ ఒళ్ళు ఎండిపోతోంది మాస్టారూ, వెళ్ళిపోండి" అన్నాడు బొండు.

"నోర్ముయ్ వెధవా! నిన్నొదిలి ఎక్కడికిరా పోయేది?" అన్నారు మాస్టారు.

ఎండ్రమ్మ గొయ్యి ఇంకా లోతు చేసింది. చింకి, తుంగడు వాగునుంచి తడినాచు మోసుకొచ్చి కప్పారు. బొండుకి వెనక కాళ్ళొచ్చాయి. తర్వాత ముందుకాళ్ళొచ్చాయి. చివరికి ఓ పొద్దున వాడు వణుక్కుంటూ కొమ్మమీద కాలు పెట్టాడు.

మాస్టారి గొంతులోకి పాత మాట తన్నుకొచ్చింది. దాన్ని గుటుక్కున మింగేశారు.

"ఏరా నాయనా, సిద్ధమేనా?" అని అడిగారు.

"ఇంకొక్క ఊపిరి పీల్చుకోనివ్వండి మాస్టారూ."

"పీల్చుకో. నేనిక్కడే ఉన్నాను."

బొండు గుండెల నిండా గాలి పీల్చాడు. దూకాడు చూడండీ, గట్టు దాటి వచ్చి మాస్టారి నెత్తిమీదే పడ్డాడు! మాస్టారు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకి అడవి దద్దరిల్లిపోయింది.

నీతి: ఎదిగే వరస తెలిసి, పిల్లలు ఎక్కడున్నారో వాళ్ళనే అడిగి, అక్కడ చెయ్యి అందించేవాడే గురువు.