ఐదు తాళాల పెట్టె, రేవు పలక

ముందే చెబుతున్నాను, ఈ కథ సరిగ్గా గుర్తుందని నాకే నమ్మకం లేదు. మా అమ్మమ్మ చెప్పినప్పుడు పెట్టెకు తాళాలు ఐదో, ఏడో. అరవై ఏళ్ళ నాటి మాట. నేను ఐదనే చెబుతాను. రేపు మీరెవరికైనా చెప్పేటప్పుడు ఏడు చేసుకున్నా కథకు వచ్చే లోటేమీ లేదు. వానకు రేపు బడికి సెలవా కాదా అని ఇందాకటి నుంచి ప్రాణం తీస్తున్నారు కదా. బడులకు సెలవు ప్రకటించేది మీ అమ్మ ఆఫీసే కదా, అక్కడ వెబ్‌సైటుకు కొత్త సాఫ్ట్‌వేరు కొన్నారట. సెలవన్న ఒక్క ముక్క అందులోకి ఎక్కించడానికి పొద్దుటి నుంచి అక్కడే కూర్చుంది. ఎక్కినప్పుడు తెలుస్తుంది. ఇటు జరగండి. ఊ కొట్టండి.

అనగా అనగా, ఒక పెద్ద ఏటిని ఆనుకుని ఒక రాజ్యం. ఏటి పొడుగునా నలభై రేవులు. ప్రతి రేవుకూ ఈ గట్టున ఒక పలక, ఆ గట్టున ఒక పలక. చెక్క పలకలు. ఆకు పసరులో బొగ్గుపొడి కలిపి పూసి, ఎండబెట్టి, వాటి మీద సుద్దతో రాసేవాళ్ళు. రాసే మాటలు రెండే. ఏరు నెమ్మదిగా ఉంటే దాటవచ్చు. ఏరు కోపంగా ఉంటే దాటవద్దు.

రాజధాని రేవు పలక వెంగమ్మది. నలభై ఏళ్ళు రాసింది. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. మోకాలి దాకా నీళ్ళలో నిలబడి, ఏటి వడి పిక్కలకు తెలిసేదాకా ఉండి, అప్పుడు గాని సుద్ద పట్టుకునేది కాదు. గట్టు మీంచి చూసి రాసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. కోడలు పేరిందేవి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమెనూ నీళ్ళలో నిలబెట్టింది. ఆ పిల్ల చలికి వణుకుతుంటే, "వణుకు తర్వాత వణుకుదువు గాని, ముందు నీళ్ళేమంటున్నాయో చెప్పు" అన్నదట. అత్త నోరు పెద్దది. అయినా కోడలికి ఆమె అంటే ప్రాణం. ఎందుకంటే ఆ నోటితోనే పదిమందిలోనూ, నా తర్వాత పలక దీనిదే అని చెప్పేది.

ఊ కొడుతున్నారా? సరే.

ఆ రాజుగారు ఒకసారి పక్క రాజ్యంలో పెళ్ళికి వెళ్ళారు. అక్కడ ఇత్తడి పలకలు చూశారు. కోటలో ఒక పెట్టె. అందులో అక్షరాలు పేరిస్తే చాలు, రాజ్యంలోని ప్రతి ఇత్తడి పలక మీదా అవే అక్షరాలు ఒక్కసారిగా తేలతాయి, అద్దం మీద ఊపిరిలాగా. ఎలా తేలతాయని అడగకండి, కథలో పెట్టె అది. మనకూ కావాలన్నారు రాజుగారు. కావాలంటే ఊరికే వస్తుందా? సంఘం వేశారు. మీ అమ్మ టెండరు టెండరు అంటుందే, ఆ గోలంతా అన్నమాట. సంఘంలో ఐదుగురు. రేవుల అధికారి, ఆస్థాన పండితుడు, కోశాధికారి, సేనాపతి, మంత్రి.

పలక రాసేవాళ్ళను పిలవలేదా అంటావా? పిలవలేదమ్మా. సుద్ద చేతులతో వచ్చి కూర్చుంటే తివాచీ పాడవుతుందన్నారు.

పెట్టె తెచ్చిన వర్తకుడు, దీనికి తాళమే అక్కర్లేదు మహాప్రభో అన్నాడు. ఆ మాటకు ఐదుగురూ ఉలిక్కిపడ్డారు. తప్పు అక్షరం పడితే పరువెవరిదని పండితుడు ఒక తాళం పెట్టమన్నాడు. శత్రువుల చేతిలో పడితే అని సేనాపతి ఒకటి పెట్టమన్నాడు. వాళ్ళకున్నప్పుడు మాకు లేకపోతే మేమేం తక్కువ అని మిగతా ముగ్గురూ తలా ఒకటి పెట్టించుకున్నారు. వర్తకుడిదేం పోయింది? అడిగినన్ని తాళాలు బిగించి ఇచ్చాడు.

నిండు సభలో పెట్టె తెరిచి, 'మహారాజుకు జయము' అని పేర్చారు. అన్ని రేవుల పలకల మీదా ఒక్క క్షణంలో జయము, జయము, జయము. చప్పట్లే చప్పట్లు. పెట్టిన మాట తీసి, మరో మాట పెట్టి చూపించమని మాత్రం ఆ సభలో ఒక్కరికీ తోచలేదు. ఎండాకాలం కదా, ఏట్లో నీళ్ళు మోకాలికి రావు. వర్తకుడే ఆ జయాన్ని తీసి 'దాటవచ్చు' అని పేర్చి, తాళాలు వేయించి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. పాత చెక్క పలకలు కోట వంటింట్లో పొయ్యిలోకి పోయాయి. అత్తాకోడళ్ళకు మిగిలిన పని ఇత్తడి మీద దుమ్ము తుడవడం, ఏటి సంగతి కోటలో చెప్పి రావడం.

తర్వాత వానాకాలం వచ్చింది. వెంగమ్మ అవతలి గట్టున చెల్లెలి మనవరాలిని ఉయ్యాలలో వేస్తున్నారని వెళ్ళింది. మూడోనాడు మధ్యాహ్నం పడవకు వస్తానంది. ఆ మూడోనాడు పొద్దున్నే పేరిందేవి అలవాటుగా నీళ్ళలోకి దిగింది. ఆకాశం తేటగా ఉంది. రేవులో చుక్క వాన లేదు. కానీ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, పిక్కలను పట్టి లాగుతున్నాయి. పైన కొండల్లో ఎక్కడో కుండపోత కురిసింది. ఆమె తడిచీరతోనే కోటకు పరుగెత్తింది.

రేవుల అధికారి మంచివాడు, వెంటనే తన తాళం తీశాడు. నాదేముందమ్మా, మిగతావాళ్ళను చూసుకో అన్నాడు. పండితుడు మంత్రి చెబితే తీస్తానన్నాడు. మంత్రి సేనాపతి తీస్తే తీస్తానన్నాడు. సేనాపతి కోశాధికారి తీస్తే తీస్తానన్నాడు. కోశాధికారి పండితుడు తీస్తే తీస్తానన్నాడు. పండితుడి దగ్గరికి మళ్ళీ వెళితే మంత్రి చెప్పాడా అన్నాడు. పండితుడి నుంచి మంత్రికి, మంత్రి నుంచి సేనాపతికి, సేనాపతి నుంచి కోశాధికారికి, కోశాధికారి నుంచి పండితుడికి. మూడుసార్లు తిరిగింది. ఆమె చీర ఒంటిమీదే ఆరిపోయింది.

చివరికి మంత్రి కాళ్ళ మీద పడింది. ఆయన కసురుకోలేదు. ఎంతో ఓపికగా, "ఏరు పొంగిందని నువ్వంటున్నావు. దాటవచ్చని పలక అంటోంది. రాజ్యం ఎవరి మాట వినాలమ్మా?" అన్నాడు.

"తమరే ఒకసారి వచ్చి నీళ్ళలో కాలు పెట్టి చూడండి దొరా."

"కాలు పెట్టి చూసే పద్ధతి మొన్న వేసవిలోనే రద్దయింది కదా" అన్నాడాయన.

ఆ మనిషిలో కోపం కనిపించినా ఆమెకు కాస్త ధైర్యంగా ఉండేది. కోపాన్ని బతిమాలవచ్చు, ఏడ్చి కరిగించవచ్చు. అంత శాంతంగా ఉన్నవాడిని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

మళ్ళీ రేవుకు పరుగెత్తింది. కొంగున ముడివేసుకున్న పాత సుద్దముక్క తీసి ఇత్తడి మీద రాయబోతే జారిపోయింది. తడిగుడ్డతో తుడిస్తే ఆ అక్షరాలు ఇంకా మెరిశాయి. అవతలి గట్టున పడవ దగ్గర మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. అరిస్తే ఏటి హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గుడ్డ పైకెత్తి ఊపింది. రావద్దు, రావద్దు, రావద్దు అని చెయ్యి పడిపోయేదాకా ఊపింది.

అవతల ఏమైందో పడవ నడిపే పోలయ్య తర్వాత చెప్పాడు. అతనికి అనుమానం వచ్చి, ఆగుదాం పెద్దమ్మా అన్నాడట. వెంగమ్మ అక్కడి పలక చూసింది. దాటవచ్చు. ఇవతల గుడ్డ ఊపుతున్న కోడలిని చూసింది. "నా కోడలు నీళ్ళలో నిలబడకుండా మాట పంపదురా. అదిగో, రమ్మని పిలుస్తోంది కూడాను. ఎక్కండెక్కండి" అన్నదట. పోలయ్యతో కలిపి ఆరుగురు ఎక్కారు.

నిద్రపోయారా? లేదూ? సరే.

పడవ సగం ఏట్లో గిర్రున తిరిగింది. పేరిందేవి గట్టు వెంబడి, ముళ్ళనక బురదనక, ఎంత దూరం పరుగెత్తిందో ఆమెకే తెలియదు. ఆ దిగువన ఒక ఇసుకమేటకు పడవ తగులుకుంది. ఐదుగురు దిగారు. గుండెలు బాదుకునేవాళ్ళు, దేవుడికి మొక్కేవాళ్ళు, ఒకరినొకరు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఊరంతా వచ్చి వాళ్ళకు పొడిబట్టలిచ్చింది, వేడివేడి గంజి పోసింది. పదకొండో రోజుకు పెట్టె తాళాలు ఐదూ తీశారు. అన్ని రేవుల్లోనూ 'దాటవద్దు' అని పడింది. అప్పటికి ఏరు తగ్గిపోయి పిల్లలు ఈదులాడుతున్నారు. అయినా పలక చెప్పింది కదా అని జనం నెలరోజులు గట్టునే ఆగారు. ఇలాంటి పొరపాటు మళ్ళీ జరగకూడదని రాజుగారు పెట్టెకు ఆరో తాళం వేయించారు. మంత్రికి శాలువా కప్పారు. అందరూ సుఖంగా ఉన్నారు.

దీంట్లో నీతి ఏమిటంటే, ఏదైనా కొనేటప్పుడు దాన్ని రోజూ వాడే చేతుల్ని ముందు అడగాలి. ఇంకొకటి కూడా. ఎవరైనా చెయ్యి ఊపుతుంటే, రమ్మంటున్నారో వద్దంటున్నారో ఆగి చూడాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరాం.

ఏమిటే, ఇంకా కళ్ళు తెరుచుకుని చూస్తున్నావు? లెక్క పెట్టుకుంటున్నావా?

సరే, చెబుతాను. పడవ ఎక్కింది ఆరుగురు. దిగినవాళ్ళు ఐదుగురని చెప్పి, ఆ ఐదుగురి సంతోషం చెప్పి, వెంగమ్మ మాట ఎత్తకుండా దాటేశాను. పేరిందేవి ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా ఎవరికీ చెయ్యి ఊపలేదన్నది కూడా చెప్పలేదు. మా అమ్మమ్మా ఇక్కడే దాటేసేది.

తాళాలు ఐదో ఏడో నిజంగానే మరిచిపోయాను. ఇది మాత్రం మరిచిపోయి కాదు.