తాళగిరి కోటలో కందిరీగల గూడు

అనగనగా తాళగిరి అనే రాజ్యం. దానికొక రాజు, పేరు వీరకేతుడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాజుల కథ కదా, అన్యాయం కూడా రాజులకే జరిగి ఉంటుందనుకుంటారు మీరు. కాదర్రా. ఈ కథలో అన్యాయం జరిగింది కోట వంటింట్లో తాటిరొట్టెలు కాల్చే అచ్చమ్మకి. శోభకృత్ నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ తదియ, శనివారం, పొద్దున్నే పొయ్యి రాజేసే వేళ.

అదెలా జరిగిందో చెప్తాను, తన్నుకోకుండా వినండి.

ఆషాఢంలో వంటింటి చూరుకి కందిరీగలు గూడు పెట్టాయి. అప్పుడది నిమ్మకాయంత. "చీపురుతో ఒక్కటిస్తే పోతుంది" అంది అచ్చమ్మ. రాజుగారు వద్దన్నారు. కందిరీగ గూడు పెట్టిన ఇంట్లో ఉయ్యాల కడతారని వాళ్ళ నమ్మకం. పెద్ద కోడలికీ, నడిపి కోడలికీ ఇంకా పిల్లల్లేరు మరి. శ్రావణంలో గూడు కొబ్బరికాయంత అయింది. రాజుగారు దానికి పసుపూ కుంకుమా పెట్టించారు. భాద్రపదానికి గుమ్మడికాయంత అయింది. ఉయ్యాల మాత్రం అటక దిగలేదు.

అది తాటిపళ్ళు రాలే కాలం. కోటంతా తీపి వాసన. ఆ వాసనకి పసుపు చారల కందిరీగలు పళ్ళెం మీద వాలాయి, పాలగిన్నె మీద వాలాయి, ఆఖరికి రాజుగారి మీసం మీద వాలాయి. సేనాపతి కత్తి దూసి ఒకదాన్ని కొట్టాడు. కొడితే ఊరుకుంటాయా? వంద వచ్చాయి. ఆయన మొహం పనసకాయైంది. పక్కనే నిలబడ్డ పాపానికి చిన్న రాజకుమారుడు చిత్రకేతుడి కాలు రోకలిబండలా వాచింది. అచ్చమ్మ కూతురు గవరమ్మ ఇద్దరికీ తడి సున్నం రాసి రాసి విసిగిపోయింది.

ఆ శనివారం పొద్దున అచ్చమ్మకి ఓపిక చచ్చింది. కాగడా పట్టుకుని నిచ్చెనెక్కింది. గవరమ్మ కింద నిచ్చెన పట్టుకుంది.

"ఆగు ముసలీ!"

గుమ్మంలో ఒకడు, పసుపు గడ్డం, నల్ల కంబళి. గుప్పెడు బూడిద చల్లాడు. అంతే, అచ్చమ్మ నిచ్చెన మీదే నల్లరాయైపోయింది, చేతిలో కాగడాతో సహా.

"నేను మండకేశుడనే మాంత్రికుణ్ణి" అన్నాడు వాడు, పరుగెత్తుకొచ్చిన రాజుతో. "ఈ కందిరీగలు నా సైన్యం. విజయదశమి నాడు ఈ రాజ్యం నాది. అప్పటికి నేను చావకపోతే ఈ ముసలిది ఎప్పటికీ రాయే. నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. చేతనైతే తెచ్చుకోండి!" అని కోట చావడిలోనే మకాం పెట్టాడు.

పెద్ద రాజకుమారుడు ఓడెక్కాడు. నడిపివాడు ఓడెక్కాడు. చిన్నవాడు వాచిన కాలితో వంటింటి అరుగు మీద కూలబడ్డాడు.

గవరమ్మ రాయైపోయిన తల్లి పాదం నిమిరింది. చల్లగా ఉంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది.

"చిన్నదొరా, తన ప్రాణం ఎక్కడుందో పిలిచి మరీ చెప్పే మాంత్రికుణ్ణి ఎక్కడైనా చూశారా?"

"లేదే!"

"రొట్టెలు కాల్చుకునే ముసలిదానితో వాడికేం పగ? రాజుని వదిలేశాడు, సేనాపతిని వదిలేశాడు, గూటికి నిప్పు చూపించిన మా అమ్మని రాయి చేశాడు. వాడి ప్రాణం ఆ గూట్లోనే ఉంది."

గోడ మీది బల్లి టక్కు టక్కుమంది. "సత్యం, సత్యం! గూట్లో రాణి కందిరీగ ఉంది. అందులోనే."

గవరమ్మ రాజుగారి దగ్గరికి పరుగెత్తింది. రాజుగారు వింటేగా! "బల్లి మాట విని వంశాన్ని కాల్చుకోమంటావా? చిలక వచ్చేదాకా గూటి జోలికి ఎవరూ పోకూడదు!" అని గూటికి కాపలా పెట్టారు. కందిరీగకి కాపలా! పాపం, ఆ భటులకి కుట్టించుకోవడమే పని.

"గూడు ముట్టొద్దన్నాడు గానీ వంటిల్లు తుడవొద్దనలేదుగా" అంది చీమ, గోడ పగుల్లోంచి. "అక్కా, తిండి దాచు. మేమైనా కందిరీగలైనా తీపి ఉన్నచోటికే వస్తాం."

గవరమ్మ బెల్లం కుండలకి గుడ్డ వాసెన కట్టింది. తాటిపండు పీచు ఏ పూటకాపూట గోతిలో పూడ్చింది. రోలు కడిగింది, రోకలి కడిగింది, రాజుగారు తిన్న చోటు కడిగింది. కందిరీగలు సగం తగ్గాయి.

"మిగతా సగానికి విందు పెట్టు, ఊరవతల" అంది కాకి. మగ్గిన తాటిపళ్ళు బండికెత్తి కొండ అంచున పోయించింది గవరమ్మ. చిత్రకేతుడు కుంటుకుంటూనే బండి తోలాడు. ఇక పగలంతా కందిరీగలు కొండ మీదే. నెల తర్వాత కోటలో పిల్లలు మొదటిసారి పెరట్లో ఆడుకున్నారు. అయినా అచ్చమ్మ రాయే. విజయదశమికి ఇక రెండే రోజులు.

అష్టమి పొద్దున ఓడలొచ్చాయి. అన్నదమ్ములిద్దరూ ఒక్క పంజరం మోసుకొచ్చారు. పెద్దవాడు చిలక పీక మీద చెయ్యి వేశాడో లేదో, అది గీమంది.

"నాయనా, నాలో నా ప్రాణం ఒక్కటే ఉంది! అదీ ఓడ ఊగుడుకి సగమైంది! ఆ గడ్డంవాడెవడో నాకు తెలియదు, నీ తోడు!"

గోడ మీంచి బల్లి టక్కుమంది. రాజుగారు తల దించుకున్నారు. "అమ్మాయీ, నీ ఇష్టం" అన్నారు.

"ఇప్పుడే కాదు, పొద్దుగూకనీ" అంది బల్లి. "వెలుగుండగా గూటి జోలికి పోయినవాడు వెర్రివాడు. దీపాల వేళకి అన్నీ ఇల్లు చేరతాయి. గెంతకు, కేకలెయ్యకు, చెయ్యి విసరకు."

దీపాల వేళైంది. చిత్రకేతుడు కింద పిడకల మీద పచ్చి వేపాకు వేసి పొగ పెట్టాడు. గవరమ్మ తడి కంబళి కప్పుకుంది. పెద్ద కుండ ఎత్తుకుంది. తల్లి పక్కనుంచి నిచ్చెన ఎక్కింది. ఒక కందిరీగ చెంప మీద వాలింది. గవరమ్మ కదల్లేదు. అది నడిచి నడిచి, ఎగిరిపోయింది. మెల్లగా కుండని కింది నుంచి గూటికి తొడిగింది, అంచు చుట్టూ బంకమట్టి మెత్తింది. లోపల హోరు.

చావడిలో భోంచేస్తున్న మండకేశుడు గొంతు పట్టుకుని వంటింట్లోకి దొర్లుకుంటూ వచ్చాడు.

"గాలి! గాలి ఆడట్లేదు! కుండ తియ్యి తల్లీ!"

"మా అమ్మని లేపు."

వాడు బూడిద చల్లాడు. నల్లరాయి గోధుమరంగైంది, వెచ్చబడింది, ఊపిరి పీల్చింది.

"ఏమే గవరా, నిచ్చెన పట్టుకోమంటే నువ్వూ ఎక్కావేంటే!" అంది అచ్చమ్మ.

గవరమ్మ తల్లి మెడ కావలించుకుని నవ్వింది, నెల రోజుల తర్వాత.

"లేపాను కదా, ఇక కుండ తియ్యి!" అన్నాడు మాంత్రికుడు.

"తీస్తానని నేనెప్పుడన్నాను?"

కుండలో హోరు తగ్గింది, ఆగింది. కింద వాడి నల్ల కంబళి మిగిలింది, కంబళిలో గుప్పెడు బూడిద. అచ్చమ్మ దాన్ని చేటలోకెత్తి పెంటలో పోసి, చెయ్యి కడుక్కుని, రొట్టెకి పిండి కలిపింది. ఆ పూట రాజుగారు ఈగ తోలకుండా అన్నం తిన్నారు. తింటూ కళ్ళు తుడుచుకున్నారు.

"గవరమ్మా, నన్ను చేసుకుంటావా?" అన్నాడు చిత్రకేతుడు.

"బండి తోలడం వచ్చు, చెప్పిన మాట వినడం వచ్చు. సరే, చేసుకుంటాను" అంది గవరమ్మ.

రాజుగారు కిరీటం కూడా వాళ్ళకే పెట్టారు. అన్నలిద్దరికీ ఓడలంటే మోజు పుట్టి, రేవులేలుకుంటామన్నారు. గవరమ్మా చిత్రకేతుడూ నలభై ఏడేళ్ళు ఏలారు. ఆషాఢం వస్తే చాలు, ప్రతి ఇంటి చూరూ చూసి నిమ్మకాయంత గూడు కనబడగానే తీసెయ్యాలని చాటింపు వేయించేవారు. ఏలినన్నాళ్ళూ వాళ్ళు ఒక్క శాసనమే చెక్కించారు, వంటింటి గుమ్మం పక్కన. అందులో రాజు పేరు లేదు, రాణి పేరు లేదు. ఇంతే ఉంది: అచ్చమ్మ తిరిగి ఊపిరి పీల్చిన రోజు, శోభకృత్ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ అష్టమి, శుక్రవారం.