ఎదిగే చెయ్యి

అనగనగా ఒక అడవి. అడవంటే అల్లాటప్పా అడవి కాదు పిల్లలూ! తూర్పు కొసన వాన మొదలైతే, పడమటి కొసనున్న నెమలికి ఆ కబురు అందడానికి మూడు రోజులు పట్టేది. చెట్లు ఎంత ఎత్తంటే, ఆకాశం నెత్తికి తగిలి, వంగి పెరిగేవి. ఆ అడవి నట్టనడుమ ఒక నల్లబండ ఉండేది. బల్లలా సమంగా, అద్దంలా నున్నగా ఉండేది. దాని మధ్యన అడ్డంగా ఒక తీగ కట్టి, అటొకరు ఇటొకరు నిలబడి, తెల్లని బోలుబంతిని బ్యాట్లతో కొట్టుకుంటూ జంతువులు ఆడుకునేవి. మీరు టేబుల్ టెన్నిస్ అంటారే, అదే ఆట. అడవిలో దాన్ని బండబంతి అనేవారు.

ఆ ఆటలో మొనగాడు పిడుగప్ప. ముసలి కొండముచ్చు. ఆయన కొడితే బంతా అది? పిడుగు! ఒకసారి ఆయన కొట్టిన బంతి బండను తాకి, ఎగిరి, నాలుగు కొండలు దాటి, ఐదో కొండ మీద కునుకు తీస్తున్న పులి మీసం ఒకటి తెంపుకుని వెనక్కి వచ్చింది. అది వచ్చేలోగా అవతల ఆడుతున్న దుప్పికి పెళ్లయి, ముగ్గురు పిల్లలు కూడా పుట్టారు. ఇంకోసారి కుడిచేత్తో మామిడిపండు తింటూ, ఎడమచేత్తో వీపు గోక్కుంటూ, తోకతో బ్యాటు పట్టి ఏడుగురిని వరసగా ఓడించాడు.

"ఏడుగురు కాదురా, పదిహేడుగురు!" అని ఆయనే సరిదిద్దేవాడు.

ఇన్ని గొప్పలున్న పిడుగప్పకు ఒక్కటే లోటు. ఆయన కథలు వినేవాళ్లు చాలామంది ఉండేవారు. ఆయనతో ఆడేవాళ్లే లేరు. ఎందుకంటారా? గెలవకుండా ఉండలేడు, గెలిచాక ఊరుకోలేడు. ఓడినవాడు కనిపిస్తే చాలు, "ఏరా, తోక ఊడిందా ఇంకా ఉందా?" అని నెలరోజులు వెంటపడి నవ్వేవాడు. అందుకని ఒక్కొక్కరే తప్పుకున్నారు. రోజూ పొద్దున్నే పిడుగప్ప బండ దగ్గరికి వచ్చేవాడు. ఇటునుంచి కొట్టి, అటు పరిగెత్తి, బంతిని తనే ఏరుకునేవాడు.

అలాంటి ఒక పొద్దున, ఆయన మనవరాలు చిగురి వచ్చింది. పిడికెడంత పిల్ల. చేతిలో మద్దిచెట్టు బెరడుముక్క. బండ అవతల మునికాళ్ల మీద నిలబడితే ముక్కు మాత్రమే కనిపించింది.

"తాతా, నాకు వెయ్యి."

"నీకా! పిడుగును ఆపుతావుటే?"

"పిడుగు వద్దులే. మామూలుది వెయ్యి."

పిడుగప్ప పకపకా నవ్వి, మెత్తగా ఒక బంతి వేశాడు. చిగురి బెరడుముక్క అడ్డం పెట్టింది. టిక్! బంతి తీగ మీద నుంచి వచ్చి ఆయన పొట్టకు తగిలింది.

అవతలి నుంచి బంతి తిరిగొచ్చి ఎన్నేళ్లయిందో! ముసలాయన కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందన్నాడు. ఆ దుమ్ము నెలరోజులు, పొద్దుపొద్దునా ఆయన కంట్లో పడుతూనే ఉంది. చిగురి తిండి మరిచిపోయి ఆడేది. నిద్రలో కూడా "వెయ్యి తాతా, వెయ్యి" అనేదిట.

ఇంక ఆయన ఆగుతాడా?

"బెరడుముక్కతో ఆడ్డమేమిటే, నా పరువు తియ్యడానికి! పద, నీకు బ్యాటు కొనిపెడతాను. అలాంటిలాంటి బ్యాటు కాదు. చూసినవాడికి చలిజ్వరం రావాలి!"

అడవిలో బ్యాట్ల దుకాణం ఒక్కటే. అలుగు పొలుసమ్మది. అలుగంటే భయమేస్తే ముద్దలా చుట్టుకుపోయే జంతువు. ఒంటినిండా పొలుసులు, కళ్లు మాత్రం మహా చురుకు. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఎవరొచ్చినా బ్యాటు చూపించే ముందు చెయ్యి చూసేది.

"ఏదీ తల్లీ, నీ చెయ్యి ఇలా పెట్టు," అంది చిగురితో. తన ముంగాలి మీద ఆ బుల్లి అరచెయ్యి పరిచి, వేళ్లు ముడిచి, విప్పి, లోపలికి వెళ్లి ఒక చిన్న బ్యాటు తెచ్చింది. పొణికి కర్రతో చేసింది. కొండపల్లి బొమ్మలు చేస్తారే, దూదిలా తేలికైన ఆ కర్ర. పిడి సన్నం, పొట్టి. పైన పల్చటి రబ్బరు.

చిగురి దాన్ని పట్టుకుని బంతిని పైకి ఎగరేసింది. ఒకటి, రెండు, మూడు... పదకొండుసార్లు ఎగరేసి పట్టుకుంది.

"తాతా! ఇది నా మాట వింటోంది!"

పిడుగప్ప ముఖం మాడిపోయింది. "మాట వినే బ్యాటు ఎందుకే? అడవి దద్దరిల్లే బ్యాటు కావాలి! చెల్లెమ్మా, ఏమిటిది? దోమల్ని తోలుకోవడానికా? అదిగో, ఆ గోడకు వేలాడుతోందే, అది తియ్యి."

గోడకు ఉన్నది జిట్రేగి కర్ర బ్యాటు. నల్లగా నిగనిగలాడుతూ, రాయంత బరువు. పైన బొటనవేలంత మందాన రబ్బరు. బంతి దాన్ని తాకితే చాలు, తారాజువ్వే.

"అన్నా, అది నీలాంటివాళ్లకు," అంది పొలుసమ్మ. "పసిచేతికి బరువు. ఆ మందం రబ్బరుకు బంతి ఎటు పోతుందో బిడ్డకు తెలీదు. ముందు బంతిని బండ మీద నిలపడం రానీ."

"ఎదిగే చెయ్యి చెల్లెమ్మా! ఎదిగాక సరిపోతుంది. పిల్లలకు చొక్కా కొంటే రెండు వేళ్లు వదులుగా కొనమా?"

"చొక్కా వదులైతే మడిచి తొడుక్కుంటాం. బ్యాటును మడుస్తామా?"

 పిడుగప్ప గొంతు పెంచాడు.

"నా మనవరాలే ఇది! ఉయ్యాల్లోనే తేనెటీగను చరిచి పడేసింది!"

"పోనీ, నా దుకాణం వెనక పొట్టిబండ ఉంది. దాని మీద నేర్పు. ఆ పెద్దబండ బిడ్డ కళ్ల దాకా వస్తుంది."

"కాళ్లూ ఎదుగుతాయి!"

"ఈ బంతైనా తీసుకో. కాస్త పెద్దది. నిదానంగా వస్తుంది. బిడ్డ కంటికి ఆనుతుంది."

"కళ్లూ ఎదుగుతాయి!" అనేశాడు పిడుగప్ప.

 పొలుసమ్మ నిచ్చెన వేసి జిట్రేగి బ్యాటు దింపింది. చిగురి తన చేతిలోని పొణికి బ్యాటు వైపు ఒకసారి, తాత వైపు ఒకసారి చూసింది. తాత మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు పాడుచెయ్యడం ఇష్టంలేక, చిన్న బ్యాటును మెల్లిగా గట్టు మీద పెట్టేసింది.

మొదటి రోజు చిగురి బ్యాటును రెండు చేతులతో ఎత్తింది. అది లేచేసరికి బంతి వెళ్లిపోయింది. ఎలాగో ఒకటి తగిలితే, అది ఎగిరి ముళ్లపొదలో పడింది. ఏరుకొచ్చింది. మళ్లీ పొదలోనే. పొద్దెక్కేసరికి ఆ పిల్ల ఆడింది మూడుసార్లు, ముళ్లలో దూరింది ముప్పైసార్లు.

"మణికట్టే, మణికట్టు! మణికట్టు తిప్పు!" అని పిడుగప్ప ఇవతల గంతులేశాడు.

"తిరగట్లేదు తాతా. ఇది నా మాట వినట్లేదు."

"నీ మాట అది వినడమేమిటే? దాని ఎత్తుకు నువ్వు ఎదగాలి!"

రెండో రోజు పట్టు జారిపోతోందని, ఆయన ఒక తీగ తెచ్చి బ్యాటును ఆ పిల్ల చేతికి కట్టేశాడు. సాయంత్రం విప్పితే మణికట్టు చింతకాయలా ఉబ్బి ఉంది. పసుపు రాశాడు. నోటితో ఊదాడు. "వీరుల చేతులు ఇలాగే ఉంటాయి. నా చెయ్యి ఒకసారి గుమ్మడికాయంత వాచింది తెలుసా?" అన్నాడు. చిగురి నవ్వలేదు.

మూడో రోజు ఆయన చేసిన పని చెప్పడానికి నోరు రావడం లేదు. అడవి మొత్తాన్ని పిలిచాడు. ఏనుగులు ముందు వరసలో, చీమలు ఏనుగుల మీద, తాబేళ్లు ముందురోజే బయల్దేరి వచ్చి, ఇసుక వేస్తే రాలనంత జనం.

"చూడండర్రా! పిడుగు మనవరాలి ఆట చూడండి!"

ఆయన బంతి వేశాడు. చిగురికి తగల్లేదు. రెండోది వేశాడు. తగల్లేదు. మూడోది తగిలింది. తగిలి, గిర్రున పైకి లేచి, ఏనుగు చెవిలో పడింది.

గొల్లుమంది అడవి. కొమ్మ మీద గోరింక గొంతెత్తింది. "ఓహో పిడుగప్పా! పిడుగు ఇంట్లో పిడక పుట్టిందయ్యా!"

అప్పుడు పిడుగప్ప ఒక్క మాట అనాల్సింది. "తప్పు నాది, బ్యాటు పెద్దదైంది" అంటే సరిపోయేది. నాలుగు ముక్కలు. పులి మీసం తెంపినవాడికి ఆ నాలుగు ముక్కలు నోట రాలేదు. జనం నవ్వుతుంటే తనూ నవ్వాడు. నవ్వి, చేతులు తిప్పి, అన్నాడు:

"ఏం చేస్తాం? మా వంశంలో ఇలాంటి చెయ్యి ఎప్పుడూ పుట్టలేదు!"

చిగురి ఆ మాట విన్నది. బ్యాటును బండ మీద పెట్టింది. మునికాళ్ల మీద నుంచి దిగింది. అంతే. ఇంటివైపు నడిచింది.

మర్నాడు పొద్దున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

వారం తర్వాత పొలుసమ్మ దారిలో ఎదురై, "అన్నా, ఆ పొణికి బ్యాటు ఇంకా అమ్మలేదు. పెద్దది నాకిచ్చేసి అది తీసుకుపో. బిడ్డ దాన్ని ఎలా చూసిందో నా కళ్లలోనే ఉంది," అంది.

"కొన్నది తిరిగిచ్చే వంశం కాదు మాది," అన్నాడు పిడుగప్ప.

ఇచ్చేస్తే ఓడినట్టే కదా! ఓడిపోవడం ఆయనకు చేతకాదు. ఆనాటి నుంచి పొలుసమ్మ దుకాణం ముందు నుంచి వెళ్లడం మానేసి, వాగు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. బండ దగ్గర ఇటునుంచి కొట్టి, అటు పరిగెత్తి, బంతిని తనే ఏరుకునేవాడు. ఇదివరకు ఆ పని ఆయనకు కష్టమనిపించేది కాదు. అవతలి నుంచి ఒక నెల బంతి తిరిగొచ్చాక మాత్రం చాలా కష్టమైంది.

పిల్లలూ, ఇంతదాకా చెప్పిన దాంట్లో కాస్త ఉప్పూ కారం ఎక్కువ పడితే పడి ఉండొచ్చు. ఇక్కడి నుంచి చిటికెడు కూడా పడలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు పిడుగప్ప బండ దగ్గరికి వచ్చేసరికి, అక్కడ ఒక కుందేలు పిల్ల తల్లితో ఆడుతోంది. ఆడుతోందంటే ఏదో అద్భుతం కాదు. బంతి వస్తే తిరిగి పంపుతోంది, పంపి నవ్వుతోంది. తప్పితే ఏరుకొచ్చి మళ్లీ నవ్వుతోంది. దాని చేతిలో చిన్న బ్యాటు. సన్నటి, పొట్టి పిడి.

 ముసలాయన ఆరోజు వాగు చుట్టూ తిరక్కుండా, తిన్నగా దుకాణానికి వెళ్లాడు. తల దించుకుని అడిగాడు.

"చెల్లెమ్మా, ఆ పొణికి బ్యాటు..."

"అది కుందేలమ్మ తీసుకుపోయింది అన్నా."

"ఇంకొకటి చేసివ్వవూ?"

పొలుసమ్మ ఆయన మొహం చూసి, ఈసారి బిడ్డ చెయ్యి చూపించమని అడగలేదు. నాలుగు రోజుల్లో అలాంటిదే చేసి ఇచ్చింది. పిడుగప్ప దాన్ని వీపు వెనక దాచుకుని ఇంటికి వెళ్లాడు. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్లాడు. తప్పు నాది. బ్యాటు పెద్దదైంది. తప్పు నాది. బ్యాటు పెద్దదైంది.

చిగురి చెట్టు కింద కూర్చుని బాదంకాయలు కొడుతోంది. టక్, టక్. ఒక్క దెబ్బకు ఒక కాయ పగులుతోంది. గురి తప్పడం లేదు. మణికట్టు చక్కగా తిరుగుతోంది. పిడుగప్ప దగ్గరికెళ్లి చూశాడు. ఆమె ఒంటిచేత్తో పట్టుకున్నది, ఆనాడు ఆయన బండ మీద నుంచి తెచ్చి ఇంటిమూల పడేసిన జిట్రేగి బ్యాటు. రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. పిడి మాత్రం ఆమె పిడికిట్లో అతికినట్టు సరిపోయింది.

చెయ్యి ఎదిగింది. ఆయన చెప్పినట్టే ఎదిగింది.

పిడుగప్ప వీపు వెనకున్న బ్యాటును వేళ్లతో తడిమాడు. దాని పిడి ఇప్పుడు ఆ పిల్ల వేళ్లలో పుల్లలా ఉంటుంది.

"చిగురీ... ఒక్క ఆట ఆడదామా తల్లీ?"

"నాకు రాదుగా తాతా," అంది చిగురి. కోపంగా కాదు. వాన వస్తోంది అన్నంత మామూలుగా.

"వచ్చు! నీకు వచ్చు. బెరడుముక్కతో ఎంత బాగా..."

"అది చిన్నప్పుడు." ఇంకో కాయ పెట్టి, టక్కుమని కొట్టింది. "ఈ బ్యాటు నా మాట వినలేదు. నేనేమో నీ మాట విన్నాను."

పగిలిన కాయలోని పప్పు తీసి తాత చేతిలో పెట్టింది. "తిను తాతా, తియ్యగా ఉంది."

ఆయన తిన్నాడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాట గొంతు దాకా వచ్చి, ఆ పప్పుతో పాటు లోపలికే పోయింది.

ఆ తర్వాత కూడా పిడుగప్ప రోజూ బండ దగ్గరికి వెళ్లేవాడు. ఆ చిన్న బ్యాటుతోనే ఆడేవాడు. ఆయన చేతికి అది సరిపోయేది కాదు, అయినా అదే. ఎవరైనా వచ్చి "తాతా, పులి మీసం కథ చెప్పవా?" అంటే చెప్పేవాడు కాదు. ఇటునుంచి మెత్తగా ఒక బంతి వేసేవాడు. అది తీగ దాటి, బండ మీద ఒకసారి లేచి, అవతల నేల మీద పడి, దొర్లి, ఆగిపోయేది.

నీతి: రేపటి బరువును ఇవాళే పసిచేతిలో పెట్టకండి, చెయ్యి ఎలాగూ ఎదుగుతుంది, ఒకసారి చచ్చిన ఇష్టం మళ్లీ చిగురించదు.