గుంపులో అటు తిరిగిన మనిషి

జోగారావు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి ముందుగా దొరికేది జవాబు కాదు, పని. రేవు పట్నంలో ఓ అచ్చాఫీసు మేడ మీది గదిలో కూర్చుని ఆయన ఏళ్ళ తరబడి ‘ఉరుముమనిషి’ అనే బొమ్మల కథ గీశారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే చేతికి పెన్సిలు ఇచ్చి, తన మానాన తాను టీ తాగుతూ కూర్చునేవారు. కొందరు ఒళ్ళు మండి మానేశారు కూడా.

ఉరుముమనిషి ఆకాశంలో తిరిగే వీరుడు. అయితే ఆ కథలో అతని యుద్ధాలేవీ నేరుగా కనబడవు. కామాక్షి అని ఓ పత్రికా విలేకరి ఉంటుంది, భుజాన గుడ్డసంచీతో. ఆవిడ చూసినంతే మనమూ చూడాలి. ఆవిడ కంట్లో దుమ్ము పడితే బొమ్మ నిండా దుమ్మే. పోలీసులు ఆవిణ్ణి వీధి మొదట్లో ఆపేస్తే మనకి దక్కేది మేడలూ, వాటి వెనక పొగా. అంతా అయిపోయాక ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అడుగుతుంది. ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. వీరుడి మొహం దగ్గర్నించి చూపించమని ఉత్తరాలు రాసి రాసి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు తప్ప, మాస్టారు మాత్రం చూపించలేదు.

హిమజ అలా పెద్దదైన పిల్లే. చిన్నప్పుడు ఆ పేజీని దీపానికి ఎదురుగా పట్టుకుని, పొగ వెనక ఏమైనా కనబడుతుందేమోనని చూసేది. ఆ మొహం కోసమే బొమ్మలు నేర్చుకుందంటే నమ్మాలి. మాస్టారి దగ్గర చేరి కొన్నేళ్ళు గడిచాక ఇక ఆపుకోలేక అడిగేసింది.

“మాస్టారూ, ఆ విలేకరిని పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు మనమే ఎందుకు చూపించకూడదు? గీసేది మనం. మనకి కనబడనిదంటూ ఏముంటుంది?”

మాస్టారు ఆమె చేతికీ పెన్సిలు ఇచ్చి, ఈ నెల సంచిక నువ్వే గియ్యి, నీ ఇష్టమొచ్చినట్టు గియ్యి అన్నారు.

ఏం గీయాలో హిమజ వెతుక్కోనక్కర్లేకపోయింది. అంతకు ముందటేడు వానాకాలంలో, వల ఎక్కడ వెయ్యాలన్న తగువు ముదిరి, పెద్ద బోట్ల వాళ్ళూ తెప్పల వాళ్ళూ రేవులో కొట్టుకున్నారు. పడవలు తగలబడ్డాయి. కొందరు మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ రోజు హిమజ డాబా మీద నిలబడి రేవు మీది నల్లటి పొగ చూస్తూ, ఎవరైనా వస్తే బాగుణ్ణు, ఎవరైనా వచ్చి ఆపితే బాగుణ్ణు అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఇప్పుడు ఆ వచ్చేవాణ్ణి తనే తీసుకొచ్చింది. రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ. పైనించి చూస్తే రేవంతా కనబడుతుంది. రెండు గుంపుల మధ్య ఉరుముమనిషి దిగుతున్నాడు, మొహం స్పష్టంగా. చుట్టూ జనం. అంత జనాన్ని నింపాలంటే చెయ్యి దానంతటదే పోతుంది కదా, ఇక్కడో తలపాగా, అక్కడో లుంగీ, ఓ మూల అటు తిరిగి ఐసు ఫ్యాక్టరీ వైపు పరిగెడుతున్న మనిషీ.

సంచిక వేడి వేడిగా అమ్ముడుపోయింది. అచ్చాఫీసు వాళ్ళు మళ్ళీ వేశారు. హిమజ కాళ్ళు నేల మీద లేవు. మాస్టారు బొమ్మ చూసి, జనాన్ని బాగా గీశావు అన్నారు. వీరుడి సంగతి ఎత్తలేదని ఆమెకి కొంచెం గుచ్చుకుంది.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం పోలమ్మ అనే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. చేపల గంప కిందే దించి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ప్లాస్టిక్ కవరులోంచి ఆ సంచిక తీసి, రెండు పేజీల బొమ్మ విప్పి, మూలనున్న మనిషి మీద వేలు పెట్టింది. ఆకాశంలోంచి దిగుతున్నవాడి వైపు ఆమె చూడనే లేదు.

“ఈయన మా మావేనమ్మా, ఎల్లాజీ. తువ్వాలు ఇలాగే కట్టేవోడు. ఓ బుజం కిందకుంటాది. ఐసు పేక్టరీ కాడికి ఎల్లినాడు గదా, ఆ తరవాత ఎటేపు ఎల్లినాడో సెప్పమ్మా.”

గొడవ రోజు నుంచీ ఆమె భర్త జాడ లేదు. శవమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. స్టేషను చుట్టూ తిరిగి తిరిగి వదిలేసిన మనిషి, ఎవరో ఈ పుస్తకం చూపించాక మళ్ళీ లేచింది. గంప పక్కన పెట్టి ఐసు ఫ్యాక్టరీ సందులో ప్రతి గడపా ఎక్కి, మా ఆయన ఇటొచ్చాడట, ఎవరైనా చూశారా అని అడిగిందట. ఎవరూ చూడలేదన్నారు. అందుకని చూసినామెనే అడుగుదామని వచ్చింది.

హిమజ మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీ దగ్గర బ్రష్షులు కడుక్కుంటున్నారు. ఇక తనే చెప్పాలి. తాను రేవులో లేననీ, ఆ మూల ఖాళీగా ఉందని ఓ మనిషిని ఊరికే వేశాననీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయింది.

పోలమ్మ కోప్పడలేదు. బొమ్మ మీద వేలు తీయనూ లేదు. ఊరికే వేసినా సరిగ్గానే వేశావమ్మా అంది. ఆ వెంటనే ఎంతో బతిమాలుతున్నట్టు అడిగింది.

“మొకం ఒక్కపాలి ఇటేపు తిప్పి గియ్యవా తల్లీ. అంత గొడవలో బయపడతన్నాడో, ఎప్పట్లా నవ్వుతన్నాడో సూసుకుంటాను.”

హిమజ పెన్సిలు తీసుకుంది. ఎంత పని! నవ్వుతున్నట్టు నాలుగు గీతలు గీస్తే ఆ తల్లి ప్రాణం కుదుటపడుతుంది. తనకీ ఈ సిగ్గు కొంత తగ్గుతుంది. గీయాలని మనసు కొట్టుకులాడింది కూడా. కాగితం మీద పెన్సిలు ఆన్చి, చెయ్యి సాగక, చివరికి అడిగింది. నువ్వు ఆయన్ని ఆఖరిసారి చూసినప్పుడు ఎలా ఉన్నాడమ్మా?

పోలమ్మ నేల మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. తెల్లారగట్ట పొయ్యి రాజుకోక ఊదుతోందట. కళ్ళ నిండా పొగ. వెళ్ళొస్తానన్నాడు. సరేలెమ్మంది. తల తిప్పేసరికి గుమ్మం దాటుతున్న వీపూ, తువ్వాలు ముడీ, ఇసక అంటిన మడమా కనబడ్డాయి. ఒక్క క్షణం ముందు తిరిగి ఉంటే మొహం కనబడేదని, ఏడాదిగా తిన్నా పడుకున్నా అదే గుర్తొస్తోందని అంది. హిమజ మధ్యలో అడ్డుపడకుండా విన్నది. పొయ్యి గుమ్మానికి ఏ పక్కనుంది, వెలుగు ఎటునుంచి పడుతోంది అని మాత్రం అడిగింది. ఆవిడ చెప్పినంతవరకే గీసింది. పొగ, గుమ్మం, బయటి బూడిదరంగు వెలుగు, ఆ వెలుగులోకి పోతున్న వీపు.

పోలమ్మ ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. “ఆఁ. ఇంతేనమ్మా. నాను సూసింది ఇంతే” అంది. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, ఏడాదంతా దాచుకున్న ఏడుపు. హిమజకీ కన్నీళ్ళు ఆగలేదు. ఏడుపు తగ్గాక ఆవిడ కొత్త బొమ్మ కవరులో పెట్టుకుని, పాత సంచిక బల్ల మీదే వదిలేసి, మెట్లు దిగి వెళ్ళింది. కింద గంప ఎత్తుకుని, ఐసు ఫ్యాక్టరీ సందు వైపు కాకుండా ఇంటి దారి పట్టడం కిటికీలోంచి కనబడింది.

ఆమె కనుమరుగయ్యేదాకా చూసి హిమజ, “మొహం గీసిచ్చి ఉంటే సంతోషించేది కదా మాస్టారూ” అంది. తనకీ ఆ మొహం చూడాలనే ఉంది.

“సంతోషించేదే” అన్నారు మాస్టారు. “ఆ మొహం ఎటు చూస్తూ ఉంటే, రేపు అటు వెళ్ళేది.”