ఒక విస్తరి తక్కువ

మా కూర్మదాసుగారికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం సత్సంగంలో ఎవరేం అడిగినా, "రేపు భోజనానికి రండి, చూద్దాం" అనేవారు. ఆకలి మీద విన్న వేదాంతం వంటబట్టదని ఆయన నమ్మకం. అందుచేత ఆయన దగ్గర మేం నేర్చుకున్న నాలుగు ముక్కలూ అడ్డాకు విస్తళ్ల దగ్గర నేర్చుకున్నవే.

ఆశ్రమం ఉన్నది మూతపడ్డ గోనె మిల్లు వెనకాల. మధ్యాహ్నం గంట కొట్టాక ఎవరైనా వచ్చి పంక్తిలో కూర్చోవచ్చు, ఊరూ పేరూ అడిగేవాళ్లు లేరు. బియ్యం మటుకు పద్మనాభంగారివి. ఆయనకు ఊళ్లో పెద్ద రైసు మిల్లు ఉంది, గురువుగారంటే భక్తి ఉంది. ఆ భక్తి అబద్ధమని నేననను.

ఒక సాయంత్రం ఆయనే లేచి, చేతులు కట్టుకుని అడిగారు. "అయ్యా, ముసలివాళ్లకీ అవిటివాళ్లకీ పెట్టండి, కాదనను. దుక్కల్లా ఉన్న కుర్రాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఒంట్లో సత్తువ ఉండీ పని చెయ్యని వాడికి అన్నం పెడితే, వాడి బద్ధకాన్ని మనం మేపినట్టు కాదా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. రేపట్నించి వాళ్లని గేటు దగ్గరే ఆపించండి. లేదంటే బియ్యం పంపడానికి నాకు మనసొప్పదు."

గుమ్మం పక్కన కూర్చున్న పైడిరాజు ఆ మాటలు విన్నాడు. వాడు వినాలనే అన్నారు. తల వంచుకుని లేవబోయాడు.

పైడిరాజు సంగతి కొంచెం చెప్పాలి. వాడి తండ్రి పద్మనాభంగారి మిల్లులో బస్తాలు మోసిన కళాసీ. మిల్లుకు మిషన్లు వచ్చాయి, కళాసీలు అక్కర్లేకపోయారు. అంతకుముందే గోనె మిల్లు మూతపడింది. నడపడం కంటే స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్ముకోవడం లాభమని దాని యజమానులకు తెలిసొచ్చింది. రెండు మిల్లుల మనుషులూ ఒకే లారీ వెంట పరుగెత్తుతూ ఉంటే కూలి పెరుగుతుందా? తండ్రి నడుం పడిపోయింది. చదువుకుంటే బాగుపడతావురా అని ఊరంతా చెప్పింది, వాడు డిగ్రీ చదివాడు. సర్కారు ఉద్యోగాలకు పరీక్ష పెడతామన్నారు, వాడు రాత్రింబవళ్లు చదువుతూ కూర్చున్నాడు, ఆ పరీక్ష కాస్తా అటకెక్కింది. చివరికి పద్మనాభంగారి మిల్లుకే వెళ్లి గుమాస్తా పని అడిగితే "ఖాళీ లేదు" అన్నారు. మర్నాడు వాడు బజార్లో కనిపిస్తే, అదే పెద్దమనిషి పక్కవాళ్లకు చూపించి, "చూడండి, ఎలా ఖాళీగా తిరుగుతున్నాడో" అన్నారు. ఒక్క మాటతో మనిషిని రెండుసార్లు కొట్టడం మన భాషలోనే కుదురుతుంది కాబోలు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడు ఆశ్రమానికి ఎందుకొస్తున్నాడో కూడా మాకు తెలుసు. ఇక్కడ తింటే ఇంట్లో తన ముద్ద చెల్లెలికి మిగులుతుంది.

"కూర్చో పైడిరాజూ," అన్నారు గురువుగారు. తరవాత పద్మనాభంగారి వైపు తిరిగి, "రేపు భోజనానికి రండి" అన్నారు.

మర్నాడు విస్తళ్లు గురువుగారే స్వయంగా వేశారు. మామూలుగా అది మా పని. వేయడం అయ్యాక, గంట కోసం బయట కాచుకున్న జనమంతా చూస్తుండగానే మిగిలిన కట్టని మోసుకెళ్లి, నిచ్చెనేసుకుని, అటక మీద పెట్టి వచ్చారు. పెద్దాయనకేదో తోచిందిలే అనుకుని అందరం ఊరుకున్నాం.

గంట కొట్టారు. జనం వచ్చి కూర్చున్నారు, వాళ్లలో పైడిరాజు కూడా ఉన్నాడు. పద్మనాభంగారు ఎప్పుడూ గంట కొట్టాక తీరిగ్గా వస్తారు. ముందు వరసలో ఆయన విస్తరి ఆయన కోసం కాచుకుని ఉంటుంది. ఆ వేళ లేదు. ఆయన ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కొచ్చి, దప్పళం బకెట్టుతో ఎదురైన నన్ను ఆపారు.

"ఏమయ్యా, నా విస్తరేదీ?"

"ఖాళీ లేదండి," అన్నాను. నోటికి ఆ మాటే వచ్చింది.

మా పంక్తికి ఒక పద్ధతి ఉంది. అందరికీ వడ్డన పూర్తయి, గురువుగారు గోవిందా అనేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. కాబట్టి అందరూ వేడి వేడి అన్నం ముందు పెట్టుకుని, నిలబడ్డ పెద్దమనిషిని చూస్తూ కూర్చున్నారు. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం పద్మనాభంగారూ," అన్నారు గురువుగారు, పంక్తంతా వినేలా. "అందరూ కూర్చుంటే తమరొక్కరే ఖాళీగా నిలబడ్డారేం?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"గంట వినగానే బయల్దేరానండి."

"ఇంకాస్త ముందు బయల్దేరాల్సింది. వీళ్లంతా రాలేదూ? బద్ధకం మంచిది కాదు."

ఈసారి పంక్తి పంక్తంతా నవ్వింది. పద్మనాభంగారి మొహం కందగడ్డయింది. "ఇదెక్కడి న్యాయమండీ? విస్తళ్లే తక్కువైతే, నిలబడ్డవాడిది బద్ధకం ఎలా అవుతుంది?"

అనేశాక ఆ మాట ఆయన చెవినే పడ్డట్టుంది. ఆయన కళ్లు వరసలో పైడిరాజు దగ్గరికి వెళ్లి ఆగాయి.

పైడిరాజు లేచాడు. "నా ఇస్తరి కాడ కూకోండి బాబూ. నాకు నిలబడ్డం అలవాటే."

వాడి గొంతులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

గురువుగారికి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "కూర్చో," అన్నారు. "నువ్వు లేస్తే నిలబడేవాడు మారతాడు. నిలబడ్డం పోదు."

వాడు కూర్చున్నాడు. అన్నం చల్లారుతోంది. పద్మనాభంగారు కండువాతో మొహం తుడుచుకుని, "గేటు సంగతి ఇంక ఎత్తనండి. బియ్యం ఎప్పట్లాగే వస్తాయి" అన్నారు, దగ్గరున్నవాళ్లకు మాత్రమే వినపడేటంత చిన్నగా. హమ్మయ్య అనుకున్నాం. పెద్దమనిషికి బుద్ధొచ్చింది, ఇక భోజనాలు కానివ్వచ్చని నేను బకెట్టు కింద పెట్టి, పద్మనాభంగారికి ఒక విస్తరి తెద్దామని నిచ్చెన వైపు నడిచాను.

గురువుగారు నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తారు. గోవిందా అనలేదు. పద్మనాభంగారిని వదిలేసి, కూర్చున్న మా జనం వైపు తిరిగారు. కోపం ఆ మొహంలో అలాగే ఉంది.

"విస్తళ్లు వేసింది నేను. మిగిలిన కట్ట అటకెక్కించిందీ నేనే, మీ కళ్లముందే. ఇంతసేపూ నిలబడ్డాయన్ని చూసి నవ్వారు గాని, నన్ను ఒక్కరూ అడగలేదేం?"