ఉడుము పట్టిన నీళ్ళగెడ

నల్లకొండ అడవిలో జంతువులకు అద్దాల మోజు పట్టుకుంది. చివరికి కుందేలు కూడా బొరియకు కిటికీ పెట్టించుకుంది. ఇక ఏనుగు గౌరమ్మయితే కొండకొమ్మున నాలుగంతస్తుల సత్రమే కట్టింది, నలభై కిటికీలతో. కిటికీలు పెట్టడం తేలికే, తుడిచేదెవరు? ఇంకెవరు, ఉడుము గట్టయ్య! తాతల నాటి ఉడుంపట్టుతో గోడ పట్టుకుని, నోట గుడ్డముక్క కరుచుకుని, సరసరా పైకి పాకిపోయేవాడు. ఎద్దు కోటయ్య బండి మీద బాల్చీలు తెచ్చేవాడు. ఇద్దరిదీ పదేళ్ళ పొత్తు.

ఆ ఏడు తొలకరికి గోడలన్నీ పాచి పట్టాయి. మూడో అంతస్తు నుంచి గట్టయ్య జర్రున జారి, కింద బండిలో ఉన్న గడ్డి మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ ముందుకాలు బెణికింది.

"బావా, ఇక ఎక్కొద్దు," అన్నాడు కోటయ్య. "పొడుగాటి బోలు వెదురు తెద్దాం. దాని కొసకు కొబ్బరిపీచు కుచ్చు కడదాం. బండి మీద నీళ్ళ పీపా, పీపా నుంచి గెడకు రబ్బరు గొట్టం. నేను పంపు తొక్కుతా. నీళ్ళు గెడలోంచి పైకెక్కి కుచ్చులోంచి కారతాయి. నువ్వు నేలమీద నిలబడి రుద్దు, చాలు."

గట్టయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "ఉడుం పుట్టుక పుట్టి నేలమీద నిలబడనా? మా తాత వింటే తోక కొరుక్కుంటాడు!"

"మీ తాత ఎక్కింది పుట్టలు బావా. నాలుగంతస్తుల మేడ కాదు."

నాలుగు రోజులకు కాలు కుదుటపడగానే గట్టయ్య తనే వెళ్ళి వెదురు కొట్టుకొచ్చాడు.

మొదటిసారి బావినీళ్ళతో కడిగారు. ఆరేసరికి అద్దం నిండా తెల్లటి చుక్కలు.

"చూశావా నీ గెడ నిర్వాకం!" అని ఎగిరాడు గట్టయ్య.

కోటయ్య నెమరేస్తూ ఆలోచించాడు. "గెడది కాదు బావా తప్పు. ఈ కొండ మీద బావులన్నీ ఉప్పునీళ్ళే. ఇన్నాళ్ళూ గుడ్డతో తుడిచేవాళ్ళం కాబట్టి మనకు తెలియలేదు."

ఈసారి వాననీళ్ళు పట్టారు. ఇసుకలోనూ బొగ్గులోనూ వడగట్టి పీపా నింపారు. అద్దం కడిగి, తుడవకుండా అలాగే వదిలేశారు. ఆరాక అక్కడ అద్దం ఉందని తెలియక తూనీగ ఒకటి వచ్చి ముక్కు గుద్దుకుంది! ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే గట్టయ్యకు కాళ్ళు లాగలేదు, నడుము పట్టేయలేదు. "హాయిగా ఉంది బావా," అని ఒప్పేసుకున్నాడు.

వాళ్ళు గెడతో అద్దం కడగడం పొదచాటు నుంచి నక్క శీనయ్య చూశాడు. అతనూ నిచ్చెనేసుకుని అద్దాలు తుడిచేవాడే. గట్టయ్య ఉండగా అతన్ని పిలిచేవాళ్ళు లేరు. సత్రం తెరిచే రోజు పొద్దున, గట్టయ్యా కోటయ్యా చద్దన్నం తింటుంటే, శీనయ్య గెడ, గొట్టం, పంపు ఎత్తుకుపోయాడు. పీపా బరువని వదిలేశాడు.

నేరుగా గౌరమ్మ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "అమ్మా, గట్టయ్య మామకు కాలునొప్పి తిరగబెట్టింది. నన్ను పంపాడు. ఇకమీదట మీ పని నాదే."

"నీకు వచ్చా ఈ పని?"

"ఎంతమాట! గెడ నా చేతిలోనే ఉందిగా!"

సత్రం పక్కనే బావి ఉంది. శీనయ్య గొట్టం అందులో పడేశాడు. పంపు నాలుగు తొక్కులు తొక్కడం, పరిగెత్తి గెడ పట్టుకోవడం, మళ్ళీ పరిగెత్తి పంపు తొక్కడం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నలభై కిటికీలూ కడిగేశాడు.

అంతలో పీపా బండితో కోటయ్య, పక్కనే గట్టయ్య వచ్చారు. నక్క చేతిలో గెడ చూడగానే కోటయ్య కొమ్ములు దించాడు. "ఆగు బావా," అని గట్టయ్య అడ్డుపడ్డాడు. తడి అద్దాలు తళతళలాడుతున్నాయి. గొట్టం బావిలోకి వేలాడుతోంది. అది చూసి గట్టయ్య మొహం తేటపడింది.

"ఎంత చురుగ్గా కడిగావురా అల్లుడూ!"

తిట్లు తినడానికి సిద్ధపడ్డ నక్క ఉబ్బిపోయాడు. "అంతా నీ చలవే మామా. వస్తా మరి, అవతల పనుంది."

"అదేంటి! అసలు పనితనం ఆరాకే కదా కనబడేది. అమ్మగారి మాట వినకుండానే పోతావా? కూర్చో."

పొగిడితే కదిలే నక్క ఎక్కడుంది? దర్జాగా కూర్చుని మీసాలు దువ్వుకున్నాడు.

ఎండెక్కింది. ఒక్కో కిటికీ మీదా చుక్కలు తేలాయి.

"అయ్యో, నా అద్దాలకు ఆటలమ్మ పోసిందేమిటి!" అని ఘీంకరించింది గౌరమ్మ. "మధ్యాహ్నానికి చుట్టాలొస్తారే!"

శీనయ్య తోకతో తుడవబోయాడు. చుక్కలు కాస్తా చారలయ్యాయి. మెల్లగా జారుకోబోతే గౌరమ్మ తొండంతో మెడ పట్టుకుంది.

"గట్టయ్యా, నీ కాలునొప్పి ఎలా ఉంది?"

"కాలు భేషుగ్గా ఉందమ్మా. పోయింది గెడే. ఇదిగో, దొరికింది."

గౌరమ్మకు సంగతంతా అర్థమైంది. నక్కను తీసుకెళ్ళి పంపు మీద నిలబెట్టింది. "తొక్కు!"

కోటయ్య నీడన పడుకుని తాపీగా నెమరేశాడు. గట్టయ్య పీపాలోని వాననీళ్ళతో ఒక్కో కిటికీ కడుగుతూ పోయాడు. చుట్టాలు కొండ ఎక్కేసరికి నలభై అద్దాల్లోనూ ఆకాశం కనబడుతోంది.

శీనయ్య నాలుక వేలాడేసి రొప్పుతూ అడిగాడు. "మామా, నిజం చెప్పు. ఆ నీళ్ళలో ఏం కలిపావు?"

"కలపలేదురా," అన్నాడు గట్టయ్య గెడ భుజానికెత్తుకుంటూ. "ఉన్నది తీసేశాను."

నీతి: కర్రనైతే ఎత్తుకుపోవచ్చు, కిటుకును ఎత్తుకుపోలేం.